బుజ్జమ్మ రక్తం పదకొండు పాయింట్ ఆరు

నల్లగుండ్ల పెంటలో ఏ కాగితం వచ్చినా ముందు ఈదన్న చేతికే వెళ్లేది. పెంట అంటే పెద్ద ఊరేం కాదు. మన్ననూరు రోడ్డు దిగి నల్లమల లోపలికి ఏడు కిలోమీటర్లు నడిస్తే ఇరవై రెండు ఇళ్లు, అన్నీ చెంచుల ఇళ్లే. ఇళ్లు తక్కువైనా కాగితాలకు మాత్రం కొదవ లేదు. రేషను కాగితం, బ్యాంకు కాగితం, ఫారెస్టు వాళ్ల నోటీసు, ఓటు చిట్టీ, ఏదొచ్చినా "ఈదన్నను పిలువుండ్రి" అనేవాళ్లు. ఆయన వచ్చి, గొంతు సవరించుకుని గడగడా చదివి, అందులో ఏముందో నాలుగు ముక్కల్లో చెప్పేవాడు. ఈదన్న చదివాడంటే ఇక దానికి తిరుగు లేదు.

ముప్పై ఐదేళ్ల మనిషి. ఆశ్రమ పాఠశాలలో ఉండి ఇంటర్ దాకా చదివాడు. పెంటలో అంత చదువు అంతకుముందు ఎవరికీ లేదు. అంత చదివీ పెద్ద కొలువేం వెలగబెట్టలేదు లెండి. కొన్నాళ్లు ఫారెస్టు వాళ్లతో కూలికి పోయి జంతువుల అడుగుజాడలు లెక్క రాశాడు. అక్కడి ముసలి బీటాఫీసరు ఆయనకు ఒక మంచి మాట నేర్పాడు. జాడ కనపడితే రాయి, కనపడకపోతే సున్నా రాయి, సున్నా రాయడం కూడా పనే అని. ఈదన్న పొద్దంతా తిరిగి సున్నా రాసుకొచ్చిన రోజులున్నాయి. సిగ్గుపడలేదు.

ఆయనలో లోపం ఒక్కటే, నోట్లో నాలుక లేదు. ఎదుటివాడు కాస్త గట్టిగా, కాస్త తీయగా మాట్లాడితే తలూపేస్తాడు. ఇంటికొచ్చాక లోపల్లోపల కుమిలిపోతాడు. అందరూ మంచోడు, మంచోడు అనేవాళ్లు. మంచితనం వేరు, మొహమాటం వేరు అని చెప్పినవాళ్లు లేరు.

అమ్మానాయిన పోయేనాటికి ఆయనకు పదిహేడేళ్లు, చెల్లె బుజ్జమ్మకు ఆరు. మేనత్త ఇంట్లో చెల్లెను వదిలి చదువుకు పోయేవాడు. ప్రతి శనివారం ఏడు కిలోమీటర్లు నడిచి వచ్చి, ఆమె తలకు నూనె పెట్టి, చిక్కు తీసి, రెండు జడలు వేసి మళ్లీ పోయేవాడు. చెల్లె పెండ్లి అయ్యాక నా సంగతి చూద్దాం అన్నాడు. చెల్లె పెండ్లి అయింది, అదే పెంటలో ఎల్లన్న అనే పిల్లవాడితో. తన సంగతి మాత్రం అలాగే ఉండిపోయింది. తమ్ముడైనా, కొడుకైనా, బిడ్డైనా ఆయనకు బుజ్జమ్మే.

మూడేళ్ల కింద మాఘమాసంలో రాజశేఖర్ సార్ వచ్చాడు. హైదరాబాదులో ఏదో పరిశోధన సంస్థ. అక్కడ ఆయన పెద్ద డాక్టరట. సూది వేసే డాక్టరు కాదు, పుస్తకాలు రాసే డాక్టరు. ఒక కంపెనీ రక్తం పట్టడానికి పొడి ఒకటి తయారు చేసింది. అది పనిచేస్తుందో లేదో చూసి చెప్పడం ఈయన పని. చుట్టుపక్కల రక్తం తక్కువున్న ఆడవాళ్లు ఎక్కువ, అది నిజమే. వాళ్లకు కావలసింది రెండు పూటలా కడుపు నిండా తిండి అని ఏ గొడ్లకాపరిని అడిగినా చెప్తాడు. కానీ "కుండలో కూడు కుండలోనే ఉండాలి, బిడ్డ మాత్రం దుడ్డులా ఉండాలి" అనుకునేవాళ్లు ఊళ్లోనే కాదు, ఆఫీసుల్లోనూ ఉంటారు. పొడి అందుకే పుట్టింది.

నల్లగుండ్ల పెంట, పక్కన ఇంకో చిన్న పెంట, రెండూ కలిపి అరవై మందిని ఎంచుకున్నారు. ముప్పై మందికి ఎర్ర ప్యాకెట్టు, అందులో అసలు పొడి. ముప్పై మందికి నీలి ప్యాకెట్టు, అందులో ఉత్త పిండి. మొదట్లో ఒకసారి, మూడు నెలల తర్వాత ఒకసారి వేలు గుచ్చి రక్తం చూడాలి. ఎర్రవాళ్లకు పెరిగి నీలివాళ్లకు పెరగకపోతే పొడి పనిచేసినట్టు. ఈ పంచే పని, గుచ్చే పని, రాసే పని ఈదన్నకు అప్పజెప్పారు. చేతిలో ఇమిడే చిన్న మిషను ఇచ్చి, రెండు రోజులు నేర్పించారు.

"ఎవరి ప్యాకెట్టు వాళ్లే తినాలి ఈదన్నా. అదొక్కటి గుర్తు పెట్టుకో. ఇంకోటి, షీట్లు పెన్సిల్‌తో రాయి. తప్పు పోతే దిద్దుకోవచ్చు" అన్నాడు సారు. పెన్సిల్ ఎందుకో ఈదన్నకు అప్పుడు తట్టలేదు.

మొదటిసారి చూసినప్పుడు, పన్నెండు ఉండాల్సిన బుజ్జమ్మ రక్తం ఏడు పాయింట్ తొమ్మిదే ఉంది. ఆమెది ఎర్ర ప్యాకెట్టు. "నీది అసలుదేనే, మంచిగ తిను" అందామని ఈదన్న నోటిదాకా వచ్చింది. ఏ ప్యాకెట్టులో ఏముందో తినేవాళ్లకు చెప్పకూడదన్నారని మింగేశాడు.

మూడో వారం ప్యాకెట్లు మోసుకుని పెంటకొచ్చేసరికి, పెంటకంతా పెద్దమనిషైన బక్కయ్య పెద్దయ్య ఇంటి ముందు పాత చీర పరిచి ఉంది. దాని మీద పొడి కుప్ప. చుట్టూ చింపిన ప్యాకెట్లు, ఎర్రవీ నీలివీ. బుజ్జమ్మ కూర్చుని రెండు చేతులతో పొడి కలుపుతూ, ఇంటికి ఇన్ని దోసిళ్లని పంచుతోంది. పెంటలోకి ఏదొచ్చినా వాటాలు వేయవలసిందే. తేనె తెచ్చినా, దుంప తవ్వుకొచ్చినా, సర్కారు వాళ్లు దుప్పట్లు ఇచ్చినా ఇంటింటికీ సమానంగా పోవాలి. తరతరాల మర్యాద అది. ఈ సంగతి హైదరాబాదులో ప్లాను గీసినవాళ్లకు తెలియదు. తెలిసిన ఈదన్నకు తట్టలేదు.

"ఇదేంది పెద్దయ్యా! ఎవరిది వాళ్లే తినాలె అని మూడుసార్లు చెప్తిని గద" అన్నాడు.

బక్కయ్యకు కోపం వచ్చింది. "ఒక్క పెంటల ఒకరికి ఎర్రది, ఒకరికి నీలిది ఏందిరా? రేపు ఒకడు దుక్కలెక్క అయితడు, ఒకడు పుల్లలెక్క మిగులుతడు. గట్ల తినుడు మనకు ఎన్నడన్న ఉండెనా? మొదటి వారం నుంచీ కలిపే పంచుతున్నం."

"మీ సారుకు చెప్పన్నా, పొడి ఇంకింత తియ్యగ చెయ్యమని" అని బుజ్జమ్మ నవ్వింది. ఈదన్నకూ నవ్వొచ్చింది. నవ్వుతూనే గుండెలో రాయి పడింది. అందరూ ఒకే పిండి తింటుంటే ఎవరిని ఎవరితో పోల్చేది?

అబద్ధం రాయడం ఆయనకు చేతకాదు. ఆ వారం షీటు కింద "రెండు రకాలు కలిపి అందరు పంచుకొని తింటున్నరు" అని రాసి, అచ్చంపేటలో సారు తీసుకున్న ఆఫీసుకు పోయి చూపించాడు. రాజశేఖర్ సారు చదివాడు. తర్వాత జేబులోంచి రబ్బరు తీసి, ఈదన్న కళ్ల ముందే ఆ వాక్యాన్ని నిదానంగా చెరిపి, కాగితం మీది తుక్కు ఊదేశాడు.

"ఇలాంటివి ఎక్కడైనా ఉంటాయి. నువ్వు అంకెలు మాత్రం రాయి. మిగతాది మేం చూసుకుంటాం" అన్నాడు.

మిగతాది వాళ్లు చూసుకున్నారు. మూడు నెలలయ్యాక, మండు వేసవిలో ఈదన్న మళ్లీ అరవై మంది వేళ్లూ గుచ్చాడు. పెరిగినవాళ్లు లేనట్టే. కూలి దొరకని ఎండాకాలం కదా, కొందరికి తగ్గింది కూడా. బుజ్జమ్మది ఏడు పాయింట్ ఆరు. ఎంత ఉంటే అంత రాసి, షీట్లన్నీ సారుకు ఇచ్చాడు.

ఇరవై రోజుల తర్వాత సారు మళ్లీ పిలిపించాడు. బల్ల మీద అచ్చు వేసిన జాబితా ఒకటి, అరవై అట్ట కార్డులు. జాబితాలో ఉన్న అంకెల్ని ఈసారి పెన్నుతో, ఈదన్న చేతిరాతతో, ఒక్కొక్కరి కార్డు మీద రాయాలట. "నువ్వు రాస్తే మీవాళ్లు నమ్ముతారు" అన్నాడు సారు. ఆ మాట మాత్రం అక్షరాలా నిజం.

ఈదన్న జాబితా చూశాడు. ఎర్ర ప్యాకెట్టు వాళ్లందరికీ రక్తం పెరిగింది. నీలివాళ్లది ఎక్కడున్నది అక్కడే ఉంది. బుజ్జమ్మ పేరుకు ఎదురుగా పదకొండు పాయింట్ ఆరు.

"సార్, ఇవి నేను రాసిన అంకెలు గావు."

"మిషన్‌లో చిన్న తేడా ఉంది. కంప్యూటర్‌లో సరిచేశాం."

"మిషను తేడా అయితె అందరికీ ఒక్క తీర్గ ఉండాలె గద సార్. ఎర్రోల్లకే ఎట్ల పెరిగింది? మావోల్లు రెండూ కలిపే తినిరి."

రాజశేఖర్ సారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆయనేం రాక్షసుడు కాదు. అలసిపోయిన మనిషి. "చూడు ఈదన్నా, పొడి పనిచేయలేదు అని రాస్తే ఇక్కడితో అంతా మూసేస్తారు. నాకూ పని ఉండదు, నీకూ ఉండదు. పనిచేసింది అంటే రెండో దశ వస్తుంది, ఇంకో యాభై పెంటలకు వెళ్తాం. అందులో సూపర్‌వైజర్‌గా నీ పేరే రాశాను. పొడి తిని ఎవరూ చావరు కదా? మంచి తిండే కదా?"

శాస్త్రం అబద్ధం చెప్పదంటారు. చెప్పదు మరి, దానికి నోరెక్కడిది? చెప్పేదంతా మనుషులే, ఎదుట కూర్చుని తలూపేది కూడా మనుషులే. ఈదన్న తలూపాడు. సాయంత్రం దాకా కూర్చుని అరవై కార్డులు రాశాడు. బుజ్జమ్మ కార్డు దగ్గర చెయ్యి ఆగింది. ఒక్క క్షణమే. రాసేశాడు. ఆయన అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి.

తర్వాత అచ్చంపేటలో మీటింగు పెట్టారు. రెండు పెంటల వాళ్లనూ జీపుల్లో తీసుకుపోయి, బిర్యానీ పెట్టి, కుర్చీల్లో కూర్చోబెట్టారు. అరవింద్ అని ఒక విలేకరి వచ్చాడు. బుజ్జమ్మ చేతికి ఎర్ర ప్యాకెట్టు ఇచ్చి నవ్వమన్నాడు, ఫొటో తీశాడు, సంస్థ వాళ్లిచ్చిన కాగితం జేబులో పెట్టుకుని పోయాడు. అంతే, ఒక్కరిని ఒక్క మాట అడగలేదు. ఎద్దు ఈనిందంటే దూడను గాట్లో కట్టెయ్యమన్నట్టు, మర్నాడు పేపర్లో సగం పేజీ వేశారు. "నల్లమల పొడి.. రక్తహీనతకు చెక్!" పక్కన బుజ్జమ్మ ఫొటో. కింద ఆమె రక్తం ఏడు పాయింట్ తొమ్మిది నుంచి పదకొండు పాయింట్ ఆరుకు పెరిగిందని.

పెంటలో ఎవరి బొమ్మా అంతకుముందు పేపర్లో పడలేదు. ఈదన్నే చదవాలి, ఇంకెవరు చదువుతారు? బక్కయ్య పెద్దయ్య అరుగు మీద నిలబడి గడగడా చదివాడు. అందరూ చప్పట్లు కొట్టారు. బుజ్జమ్మ సిగ్గుతో కొంగు నోట్లో పెట్టుకుని వింది. అందరూ పోయాక దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది.

"అన్నా, నాకు నెల తప్పింది. నా రక్తం నిజంగ మంచిగున్నట్టేనా? బిడ్డకేం గాదు గద?"

అప్పుడు చెప్పాల్సింది. అక్కడ సారు లేడు, కంపెనీ లేదు, తలమీద కత్తి లేదు. తను రెండు జడలు వేసి పెంచిన పిల్ల ఎదురుగా నిలబడి అడిగింది. ఈదన్న ఆ ముఖంలోని సంతోషం చూశాడు. రేపు చెప్దాం అనుకున్నాడు.

"మంచిగనే ఉంది చెల్లె" అన్నాడు.

ఆ రేపు రాలేదు. నెలకోసారి వచ్చే సిస్టరు లావణ్య కొత్తగా చేరిన పిల్ల. ఆమె దగ్గర రక్తం చూసే పట్టీలు అయిపోయి రెండు నెలలైంది. బుజ్జమ్మ కార్డు చూపిస్తే, "అరె, నీకు చానా మంచిగుందే!" అని ఆ అంకెనే తన రిజిస్టర్లో ఎక్కించుకుంది. అయినా ఐరన్ గోలీలు ఇచ్చి రోజుకొకటి మింగమంది. గోలీ మింగితే బుజ్జమ్మకు కడుపులో తిప్పేది. రక్తం బాగానే ఉన్నప్పుడు ఈ బాధెందుకని ఇంటి చూరులో చెక్కేసింది. ఈదన్న రెండుసార్లు గట్టిగా చెప్పాడు, గోలీలు మింగవే అని. "పేపర్ల నువ్వే చదివితివి గదన్నా" అంది. ఒకసారి చెల్లెను నాగర్‌కర్నూల్ తీసుకుపోయి, ఇంకో పేరు మీద పరీక్ష చేయిద్దామా అని కూడా ఆలోచించాడు. అబద్ధం విప్పకుండా ప్రాణం కాపాడుకుందామని చూశాడు పాపం. అదీ చేయలేదు. రెండో దశ పనులు మొదలయ్యాయి, పెంటలు తిరుగుతూ ఉండిపోయాడు.

ఫాల్గుణంలో ఒకరోజు పొద్దున్నే నొప్పులు వచ్చాయి. పదింటికల్లా ఆడపిల్ల పుట్టింది. పిల్ల బాగానే ఏడ్చింది. తల్లికి మాత్రం నెత్తురు ఆగలేదు. ఎల్లన్న, ఈదన్న ఆమెను మంచంతో సహా ఎత్తుకుని రోడ్డు దాకా మోశారు. అక్కడ జీపు దొరికింది. అచ్చంపేటలో చూసి, మా వల్ల కాదు, నాగర్‌కర్నూల్ పొండి అన్నారు. దారి పొడుగునా బుజ్జమ్మ తల ఈదన్న ఒళ్లోనే ఉంది. "దూప అయితుందన్నా" అంది ఒకసారి. సీసా మూతతో నీళ్లు పోశాడు. తర్వాత ఏమీ అడగలేదు.

పెద్ద దవాఖానలో డాక్టరమ్మ పరుగెత్తుకొచ్చి, "రక్తం ఎంతుంది?" అని అడిగింది. ఎల్లన్న జేబులోంచి కార్డు తీసి ఇచ్చాడు. భద్రంగా ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని తెచ్చాడు. ఆమె కార్డు చూసి, బుజ్జమ్మ కళ్ల రెప్పలు కిందికి లాగి చూసి, మళ్లీ కార్డు చూసింది. అక్కడే పరీక్ష చేయించింది. ఐదు కూడా లేదు.

"ఈ మనిషికి నెలల కిందటే రక్తం ఎక్కించాల్సింది! ఈ కార్డు ఎవరు రాసిండ్రు?" అని అరిచింది.

"నేనే" అన్నాడు ఈదన్న.

ఎల్లన్న ఈదన్న ముఖంలోకి చూశాడు. ఏమీ అర్థం కాని చూపు అది. అర్థమయ్యే సరికి లోపల బుజ్జమ్మ పోయింది. రక్తం తెప్పిస్తున్నారు, దారిలో ఉంది అన్నారు. ఇరవై రెండేళ్లు.

పెద్దకర్మ అయిన మర్నాడు ఈదన్న పెంటలో అందరినీ కూర్చోబెట్టి జరిగింది జరిగినట్టు చెప్పాడు. పెన్సిలు, రబ్బరు, జాబితా, పెన్ను, సూపర్‌వైజర్ పని, ఏదీ దాచలేదు. జీవితంలో మొదటిసారి ఎవరూ అడగకుండా నోరు తెరిచాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, కానీ పట్టుకున్నాడు. ఎల్లన్న కొడతాడేమో అనుకున్నారు. ఎల్లన్న పిల్లను ఎత్తుకుని లోపలికి పోయాడు.

"పేపరోన్ని మేం నమ్మలేదురా. ఆ సారునూ నమ్మలేదు. నువ్వు చదివితివని నమ్మినం" అన్నాడు బక్కయ్య పెద్దయ్య.

ఈదన్న ఇల్లిల్లూ తిరిగి కార్డులు వెనక్కి తీసుకున్నాడు. సంస్థ పని మానేశాడు. కార్డులు పట్టుకుని అచ్చంపేటలో అరవింద్ దగ్గరికి పోయాడు. అరవింద్ మంచినీళ్లిచ్చాడు, అంతా విన్నాడు, కళ్లు కూడా తుడుచుకున్నాడు.

"బాధగనే ఉందన్నా. కాని ఆధారమేది? పెన్సిల్ షీట్లు వాళ్ల దగ్గరున్నయ్. కార్డు మీదున్న రాత నీది. నేను రాస్తే ముందు ఇరుక్కునేది నువ్వే" అన్నాడు. "అయినా మా పైవాళ్లు ఇది వెయ్యరు. ఆ పొడి ప్రకటన వారం వారం మా పేపర్లనే వస్తది."

నేను ఇరుక్కుంటే ఇరుక్కుంటా, రాయన్నా అన్నాడు ఈదన్న. అరవింద్ చూద్దాం అన్నాడు. ఇప్పటికీ చూస్తూనే ఉన్నాడు.

పెంటలోకి ఇప్పుడు కాగితం వస్తే ఈదన్నను ఎవరూ పిలవరు. పగ లేదు, తిట్టరు, తిండి వేళకు పలకరిస్తారు. కానీ కాగితం మాత్రం మడిచి జేబులో పెట్టుకుని, ఏడు కిలోమీటర్లు నడిచి, మన్ననూరులో కిరాణా కొట్టు ఆయనతో చదివించుకుంటారు. ఎల్లన్న తేనెకు పోయినప్పుడు పిల్లను ఈదన్న దగ్గరే వదిలిపోతాడు. వదులుతూ ఒక్క మాట మాట్లాడడు. ఈదన్నకు అదే పెద్ద దయగా ఉంటుంది.

మొన్న వానాకాలంలో, పిల్లకు అన్నం తినిపిస్తుండగా ఫోను మోగింది. అవతల ఎవరో అమ్మాయి, చిన్న గొంతు, మర్యాదగా మాట్లాడింది. సంస్థ నుంచట. మొదటి దశలో ఉన్నవాళ్లు ఇప్పుడెలా ఉన్నారో ఫోన్లో కనుక్కుంటున్నారట. పాత జాబితాలో ఈ నంబరే ఉందట. ఒక్కొక్క పేరూ చదువుతూ వచ్చింది. ఈదన్న తెలిసింది తెలిసినట్టు చెప్పాడు.

"నెక్స్ట్ బుజ్జమ్మ. వయసు ఇరవై ఒకటి అప్పుడు. లాస్ట్ రీడింగ్ పదకొండు పాయింట్ ఆరు. చాలా బాగుందే! ఇప్పుడు ఎలా ఉన్నారన్నా?"

"లేదమ్మా. సచ్చిపోయింది. కాన్పుల రక్తం లేక సచ్చిపోయింది. ఆ అంకె అబద్ధం. నేనే రాసిన."

అవతల కంప్యూటరు మీటలు నొక్కిన చప్పుడు.

"సారీ అన్నా. నాకిక్కడ మూడే ఉన్నాయి. బాగున్నారు, మానేశారు, ఊరు వదిలి వెళ్లారు. ఇంకోటి రాయనివ్వట్లేదు. ఊరు వదిలి వెళ్లారు అని పెట్టనా?"

ఈదన్న వద్దు అనాలి. ఒక్క మాట, వద్దు. చేతిలో అన్నం ముద్ద ఉంది, ఎదురుగా పిల్ల నోరు తెరుచుకుని చూస్తోంది. మాట పెగల్లేదు. ఆ మౌనాన్ని అవతలి పిల్ల అవుననుకుంది.

"థాంక్స్ అన్నా" అని పెట్టేసింది.

ఈదన్న చెయ్యి కడుక్కోకుండానే అదే నంబరుకు తిరిగి చేశాడు. ఈ నంబరుకు ఫోన్లు రావు అని ఎవరిదో రికార్డు చేసిన గొంతు చెప్పింది. మళ్లీ చేశాడు, మళ్లీ అదే గొంతు. పొద్దు వాలేదాకా చేస్తూనే ఉన్నాడు. బుజ్జమ్మ ఆ లెక్కల్లో ఇప్పటికీ చావలేదు.